కీటకాల నుంచి మనిషికి బాక్టీరియా ఏ దారిన చేరుతుంది?

నడకదారి (చర్చ ప్రారంభం)

ఆరోగ్య కార్యకర్తల శిక్షణ కోసం ఒక గోడపటం తయారుచేస్తున్నాను. ఎడమవైపు కీటకం బొమ్మ, కుడివైపు మనిషి బొమ్మ, మధ్యలో మనిషి వైపు చూపే బాణం, ఆ బాణం మీద "కాటు" అన్న మాట, కింద వ్యాధి పేరు. ప్లేగు, టైఫస్, ట్రెంచ్ జ్వరం, తిరగబెట్టే జ్వరం, ట్రకోమా, లైమ్ వ్యాధి, ఇలా వరుసగా గీసుకుంటూ వచ్చాను. టైఫస్ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. పేను కుట్టడం వల్ల టైఫస్ రాదనీ, పేను విసర్జించే మలం వల్ల వస్తుందనీ ఒక పాఠ్యపుస్తకంలో చదివాను. అదే నిజమైతే నా పటంలో కనీసం ఒక బాణం తప్పు. మిగిలినవాటిలో ఎన్ని తప్పో తెలియదు. బాక్టీరియా కీటకం ఒంట్లో ఎక్కడ ఉంటుంది, అక్కడినుంచి ఎలా బయటపడుతుంది, మన ఒంట్లోకి ఎక్కడినుంచి వస్తుంది అన్నది ఒక్కొక్క వ్యాధికీ విడివిడిగా తెలిసినవారు చెప్పగలరా?

కీటకలోకం

మీరు చదివింది నిజమే. అనుమానం వచ్చినందుకు సంతోషం, ఎందుకంటే "కుట్టింది, జబ్బు వచ్చింది" అన్న ఒక్క వాక్యం కింద చాలా పుస్తకాలు నాలుగైదు వేరువేరు సంగతులను కప్పేస్తుంటాయి.

ముందు ఏ పేను అన్నది తేల్చుకుందాం. టైఫస్‌ను మోసేది తలలో ఉండే పేను కాదు, బట్టల అతుకుల్లో కాపురముండి, ఆకలి వేసినప్పుడు మాత్రమే చర్మం మీదికి వచ్చి రక్తం తాగి తిరిగి బట్టల్లోకి వెళ్ళిపోయే పేను. దీనికి తెలుగులో "చీరపేను" అన్న చక్కటి పాత మాట ఉంది. ఇక్కడ చీర అంటే బట్ట అనే అర్థం.

టైఫస్‌కు కారణమైన బాక్టీరియా పేరు రికెట్సియా ప్రొవాజెకీ. జ్వరంతో ఉన్న మనిషి రక్తాన్ని చీరపేను తాగినప్పుడు అది పేను పేగులోకి చేరి, పేగు గోడ కణాల లోపలికి చొరబడి, అక్కడే పెరుగుతుంది. నిండిపోయిన కణాలు పగిలి బాక్టీరియా పేగులోకి రాలి, మలంతో పాటు బయటికి వస్తుంది. లాలాజల గ్రంథులకు అది చేరదు కాబట్టి కాటుతో దిగదు. పేను కుట్టినచోట దురద పుడుతుంది, మనిషి గోకుతాడు, చర్మం మీద పడి ఉన్న మలం ఆ గీతల్లోకి వెళ్తుంది. కళ్ళు నులుముకున్నా చాలు. ఎండి పొడిగా మారిన మలం చాలా రోజులపాటు వ్యాధికారకంగానే ఉంటుంది, దుమ్ముతో కలిసి ఊపిరితో లోపలికి కూడా పోగలదు. అందుకే రోగిని తాకకుండా, కేవలం అతని బట్టలు దులిపినవారికి కూడా టైఫస్ వచ్చిన సందర్భాలున్నాయి.

ఈ జబ్బు పేనును కూడా చంపుతుంది. పేగు గోడ చిరిగిపోయి, తాగిన రక్తం ఒంట్లోకి కారి, పేను ఎర్రబారి చనిపోతుంది. అయితే చనిపోయేలోగా అది వేరొక ఒంటికి మారవచ్చు. జ్వరంతో కాలిపోతున్న శరీరాన్నీ, చల్లబడిన శవాన్నీ చీరపేలు వదిలిపెట్టి పక్కనున్న మనిషి మీదికి వెళ్తాయి. జనం ఇరుకుగా, బట్టలు మార్చుకునే వీలు లేకుండా బతకవలసివచ్చిన యుద్ధాల్లోనూ జైళ్ళలోనూ శరణార్థి శిబిరాల్లోనూ టైఫస్ అంతగా చెలరేగడానికి ఇదే కారణం.

ట్రెంచ్ జ్వరం కూడా ఇదే దారిలో వస్తుంది. దాని బాక్టీరియా బార్టొనెల్లా క్వింటానా. అది పేగులోనే పెరిగి మలంతో బయటపడుతుంది గానీ పేనును చంపదు.

పాతపుటలు

ఈ సంగతి మొదట తేలిన తీరు మీ శిక్షణలో చెప్పదగ్గది. 20వ శతాబ్దం తొలి దశకంలో ట్యునీషియాలో పనిచేస్తున్న షార్ల్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక తేడా గమనించాడు. టైఫస్ రోగుల నుంచి ఇంట్లోవారికీ, ఆసుపత్రి వాకిట్లో రోగుల బట్టలు తీసుకునేవారికీ జబ్బు అంటుకుంటోంది. అదే రోగికి స్నానం చేయించి, శుభ్రమైన బట్టలు తొడిగి లోపలి గదిలో పడుకోబెట్టాక మాత్రం పక్క మంచాలవారికి అంటుకోవడం లేదు. అంటే జబ్బును అంటించేది రోగి శ్వాసో స్పర్శో కాదు, వాకిట్లోనే వదిలేసిన బట్టల్లో ఉన్నదేదో అంటిస్తోంది. 1909లో కోతుల మీద ప్రయోగాలు చేసి అది చీరపేను అని నిరూపించాడు. 1928లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పరిశోధన ఎందరి ప్రాణాలు తీసిందో కూడా గుర్తుంచుకోవాలి. హోవర్డ్ రికెట్స్ 1910లో మెక్సికోలో టైఫస్‌ను పరిశీలిస్తూ అదే జబ్బుతో మరణించారు. స్టానిస్లాస్ ప్రొవాజెక్ 1915లో అలాగే పోయారు. రికెట్సియా ప్రొవాజెకీ అన్న పేరు ఆ ఇద్దరి జ్ఞాపకార్థం పెట్టింది. పేను మలం ఎంత ప్రమాదకరమో ఆ పేరే చెబుతుంది.

వేకువచుక్క

నాకు రెండు సందేహాలు. తిరగబెట్టే జ్వరం కూడా చీరపేను వల్లనే వస్తుందంటారు కదా, అదీ మలం ద్వారానేనా? రెండవది, పిల్లల తలలో పేలు సర్వసాధారణం. వాటి వల్ల కూడా ఈ జ్వరాలు వస్తాయని తల్లులు భయపడితే ఏమని చెప్పాలి?

కీటకలోకం

తిరగబెట్టే జ్వరం కథ వేరు. దాని బాక్టీరియా బొరేలియా రికరెంటిస్, మెలికలు తిరిగిన సన్నటి తీగలాంటిది. ఇది పేను పేగులో ఆగకుండా గోడ దాటి, పేను శరీరాన్ని నింపి ఉండే రసంలోకి వెళ్ళి అక్కడ పెరుగుతుంది. పేనుకు కీటకాల తీరున శరీరమంతా నిండే ఆ రసమే రక్తం. అక్కడినుంచి లాలాజలంలోకి రాదు. కాబట్టి పేను బతికి ఉన్నంతసేపు ఆ బాక్టీరియా దాదాపు బందీగా ఉన్నట్టే. పేనును గోళ్ళ మధ్య నొక్కినప్పుడో, ఒంటి మీద గోకుతూ చిదిమినప్పుడో ఆ రసం చిమ్మి, చర్మపు గీతల్లోంచి లోపలికి పోతుంది. పేలను వేళ్ళతో చిదిమి చంపవద్దని చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే. పటంలో ఈ బాణం మీద "చిదమడం" అని రాయండి.

తలపేల విషయంలో తల్లులకు ధైర్యం చెప్పవచ్చు. ప్రయోగశాలలో తలపేలకు ఈ బాక్టీరియాను ఎక్కించగలిగారు గానీ, ఈ జ్వరాల మహమ్మారులన్నిటిలోనూ దోషి చీరపేనే. తలపేను దురదనూ, గోకడం వల్ల పుండ్లనూ తెస్తుంది, వాటికి చికిత్స చేయాలి. అంతకు మించి భయం అక్కరలేదు. చీరపేనుకు మందు తలకు కాదు, బట్టలకు. 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతికి బాగా వేడిమి మీద ఆరబెడితే పేలూ, అతుకుల్లోని ఈపులూ చస్తాయి. మనిషి రక్తం దొరకకపోతే చీరపేను వారం రోజులకు మించి బతకడం అరుదు.

సూక్ష్మదర్శిని

ప్లేగు గురించి నేను రాస్తాను. కీటకం, బాక్టీరియా ఒకదాన్నొకటి ఎలా మార్చుకుంటాయో తెలిపే ఉదాహరణల్లో ఇంతకంటే ఆశ్చర్యకరమైనది నాకు తెలియదు.

ప్లేగు బాక్టీరియా యెర్సీనియా పెస్టిస్. ప్రధానంగా ఎలుకల మీద బతికే ఫ్లీ అనే రెక్కలు లేని, గెంతే పురుగు దాన్ని మోస్తుంది. జబ్బుపడిన ఎలుక రక్తాన్ని ఫ్లీ తాగినప్పుడు బాక్టీరియా దాని జీర్ణనాళంలోకి వెళ్తుంది. ఆ నాళంలో ఆహారం కడుపులోకి దిగేచోట అంతరజఠరం అనే చిన్న కవాటం ఉంటుంది, దాని లోపలి గోడ నిండా ముళ్ళు. ప్లేగు బాక్టీరియా జిగురులాంటి పొరను స్రవించి, ఆ ముళ్ళను పట్టుకుని గుంపుగా పెరుగుతుంది. కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల లోపల ఆ గుంపు కవాటాన్ని పూర్తిగా మూసేస్తుంది.

ఇక ఫ్లీ ఎంత రక్తం పీల్చినా కడుపులోకి దిగదు. ఆకలితో అలమటిస్తూ అది మళ్ళీమళ్ళీ కుడుతుంది. పీల్చిన రక్తం అడ్డుకు తగిలి, అక్కడి బాక్టీరియా ముద్దల్లో కొంత ఊడదీసుకుని, వెనక్కి వచ్చి కుట్టిన గాయంలోకే పోతుంది. అంటే ఇక్కడ కాటు నిజమే, కానీ లాలాజలం కాదు, వాంతి. కడుపు నిండిన ఫ్లీ ఒకసారి కుట్టి ఊరుకునేది, ఈ ఫ్లీ చచ్చేదాకా కుడుతూనే ఉంటుంది. ఈ సంగతిని 1914లో బాకట్, మార్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు.

ఉష్ణోగ్రత పాత్ర కూడా చూడండి. ఫ్లీ ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి ఉంటుంది. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఈ జిగురు బాగా ఏర్పడుతుంది, 30 డిగ్రీల దగ్గరికి వస్తే అడ్డు సరిగా నిలబడదు. అదే బాక్టీరియా 37 డిగ్రీల మనిషి ఒంట్లోకి రాగానే జిగురును మానేసి, రక్షక కణాల నుంచి తప్పించుకునే వేరొక కవచాన్ని తొడుక్కుంటుంది. ఏ ఒంట్లో ఉన్నదీ ఆ వేడిని బట్టే తెలుసుకుంటోందన్నమాట.

ఇది ఎప్పటినుంచో ఇలా లేదు. ప్లేగు బాక్టీరియా పూర్వరూపం యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్, ఆహారం ద్వారా పేగులకు చేరే సాధారణ బాక్టీరియా. ఫ్లీ కడుపులో ప్లేగు బాక్టీరియా బతికి ఉండటానికి తోడ్పడే ఒక జన్యువు ఉంది. సుమారు 5000 ఏళ్ళ నాటి మానవ అవశేషాల్లో దొరికిన ప్లేగు బాక్టీరియాలో ఆ జన్యువు లేదని 2015లో ప్రకటించారు. అంటే ఆ కాలపు ప్లేగు ఫ్లీ ద్వారా ఇప్పటంత సమర్థంగా పాకి ఉండకపోవచ్చు. కొద్దిపాటి జన్యువులు చేరడంతో పేగుల జబ్బు పురుగు ఎక్కి తిరిగే జబ్బుగా మారింది.

పాతపుటలు

సూక్ష్మదర్శిని గారు చెప్పినదానికి ముందు భాగాన్ని కలుపుతాను. బాక్టీరియాను 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సాన్ కనిపెట్టారు. అయినా అది ఎలుక నుంచి మనిషికి ఎలా వస్తుందో ఎవరికీ తెలియలేదు. ఆహారమనీ, మట్టి అనీ, పాదాల పగుళ్ళనీ రకరకాలుగా అనుకున్నారు. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ ఒక గాజు పాత్రలో ఫ్లీలున్న ప్లేగు ఎలుకను ఉంచి, దాన్ని తాకే వీలు లేకుండా చిన్న తీగబోనులో ఆరోగ్యంగా ఉన్న ఎలుకను అదే పాత్రలో వేలాడదీశారు. మొదటి ఎలుక చచ్చిపోయింది, కొన్ని రోజులకు రెండవది కూడా ప్లేగుతో చచ్చింది. ఫ్లీలు లేని ఎలుకలను పక్కపక్కనే ఉంచినప్పుడు జబ్బు అంటలేదు. ఇంత స్పష్టమైన ప్రయోగాన్ని కూడా తోటి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి నమ్మలేదు. ఆ ఏళ్ళలో ఎన్ని ప్రాణాలు పోయాయో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

బాకట్ గారి గురించి ఒక మాట. ఫ్లీ అడ్డును వివరించిన ఆయన తరువాత టైఫస్ మీద పనిచేస్తూ 1922లో కైరోలో ఆ జబ్బుతోనే మరణించారు.

మొలక

సూక్ష్మదర్శిని గారి వివరణలో ఒక సవరణ అవసరమనిపిస్తోంది. ఫ్లీ జీర్ణనాళం పూర్తిగా మూసుకుపోయాకనే ప్లేగు వ్యాపిస్తుందని చదివినవారు అనుకునే ప్రమాదముంది. ఉత్తర అమెరికాలో నేల ఉడతల మీద ఉండే ఒక జాతి ఫ్లీలో అడ్డు ఏర్పడటం అరుదు. అయినా వ్యాధిగ్రస్త రక్తం తాగిన మొదటి కొద్ది రోజుల్లోనే అది ప్లేగును అంటించగలదని 2006లో చూపారు. అదీగాక ప్లేగు ఊపిరితిత్తులకు చేరితే, ఆ రోగి దగ్గు తుంపరల ద్వారా మనిషి నుంచి మనిషికే సోకుతుంది. అప్పుడు పురుగుతో పనే లేదు.

సూక్ష్మదర్శిని

సవరణ న్యాయమైనది, ఒప్పుకుంటున్నాను. అడ్డు పడిన ఫ్లీ ఒక్కొక్కటిగా చాలా ప్రమాదకరం. అడ్డు పడనివి ఒక్కొక్కటిగా బలహీనమే అయినా ఎలుకకు పదులకొద్దీ ఉన్నప్పుడు వాటి లెక్క వేరు. పటంలో రెండింటికీ చోటివ్వాలి.

వేకువచుక్క

ఇంతసేపూ పేనూ ఫ్లీ గురించే మాట్లాడుకున్నాం. మనుషులను అన్నిటికంటే ఎక్కువగా కుట్టేది దోమ. మలేరియా పరాన్నజీవి వల్ల, డెంగీ వైరస్ వల్ల వస్తాయి. మరి దోమ వల్ల వచ్చే బాక్టీరియా వ్యాధులు ఎందుకు వినపడవు?

సూక్ష్మదర్శిని

మంచి ప్రశ్న. దోమలో రక్తం పీల్చే గొట్టం, లాలాజలం వదిలే గొట్టం వేరువేరు. పీల్చిన రక్తం వెనక్కి రాదు. కాబట్టి ఏ సూక్ష్మజీవి అయినా దోమ ద్వారా మనిషిని చేరాలంటే దోమ కడుపులో జీర్ణం కాకుండా మిగలాలి, కడుపు గోడ దాటాలి, లాలాజల గ్రంథుల్లోకి దూరి అక్కడ నిలవాలి. మలేరియా పరాన్నజీవి, డెంగీ వైరస్ ఈ మెట్లన్నీ ఎక్కడం నేర్చుకున్నాయి. మనకు తెలిసిన వ్యాధికారక బాక్టీరియాలో ఆ దారి పట్టినవి బహు తక్కువ. దోమ ఒంటరిగా, కొద్దిసేపు, ఒక్కొక్క మనిషి మీద వాలి పోతుంది. చీరపేనులా ఒంటినే అంటిపెట్టుకుని ఉండి చర్మం మీద మలం పరిచే అవకాశం దానికి లేదు.

మినహాయింపు ఉంది. టులరేమియా అనే వ్యాధి చాలాచోట్ల పిడుదుల ద్వారా, జింక ఈగల ద్వారా, జబ్బుపడిన కుందేళ్ళను తాకడం ద్వారా వస్తుంది. స్వీడన్, ఫిన్‌లాండ్‌లలో మాత్రం దోమకాటుతో వచ్చిన కేసులే ఎక్కువ.

వైద్యశిబిరం

కుట్టని కీటకాన్ని మరచిపోతున్నాం. ఇంట్లో తిరిగే ఈగ ఎవరినీ కుట్టదు, కానీ విరేచనాల విషయంలో దాని వాటా చిన్నది కాదు.

ఈగ గట్టి ఆహారాన్ని నమలలేదు. లాలాజలాన్నీ, అంతకుముందు తాగి అన్నాశయంలో దాచుకున్నదాన్నీ దాని మీద కక్కి, కరిగించి పీలుస్తుంది. మలం మీద వాలి లేచి అన్నం మీద వాలినప్పుడు కాళ్ళ వెంట్రుకలకు అంటినదే కాక, కక్కినదీ విసర్జించినదీ కూడా అన్నంలో కలుస్తుంది. ఏ బాక్టీరియాకు ఇది నిజంగా ఉపయోగపడుతుందన్నది ఎంత మోతాదు కావాలన్న దాని మీద ఆధారపడుతుంది. రక్త విరేచనాలు కలిగించే షిజెల్లా పది నుంచి వంద వరకు లోపలికి పోయినా జబ్బు చేయగలదు. ఒక ఈగ కాళ్ళు అంతమాత్రం సులువుగా మోస్తాయి. సాల్మొనెల్లా, కలరా బాక్టీరియాలకు మామూలుగా అంతకంటే ఎన్నో రెట్లు కావాలి. ఈగ వేసిన కొద్దిపాటి విత్తనం వెచ్చగా నిలవున్న ఆహారంలో గంటల తరబడి పెరిగితేనే ఆ మోతాదు చేరుతుంది. ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఉచ్చులు పెట్టి ఈగలను తగ్గించినప్పుడు షిజెల్లా విరేచనాలు బాగా తగ్గాయని 1991లో ప్రచురించారు.

ట్రకోమా మరీ బాధాకరమైనది. క్లమీడియా ట్రకోమాటిస్ అనే బాక్టీరియా పదేపదే సోకడంతో కంటి రెప్ప లోపల మచ్చలు పడి, వెంట్రుకలు లోపలికి తిరిగి, కంటిపాప మీది పారదర్శకమైన పొరను గీరిగీరి చూపు పోగొడుతుంది. చేతులూ గుడ్డలూ ఒక దారి అయితే, పిల్లల కళ్ళ పుసిని తాగడానికి ముసిరే ఒక జాతి ఈగ మరొక దారి. ఆ ఈగ ఆరుబయట పడి ఉన్న మనిషి మలంలో గుడ్లు పెడుతుంది. గాంబియాలో మందు చల్లి ఈగలను తగ్గించినప్పుడు ట్రకోమా తగ్గింది, మరుగుదొడ్లు కట్టినచోట ఆ జాతి ఈగలు పలచబడ్డాయి. ఇది తెలిసినప్పటినుంచి పిల్లల ముఖం కడగడాన్నీ మరుగుదొడ్డినీ నేను కంటి వైద్యంలో భాగంగానే చూస్తున్నాను.

ఇంకొక మాట. టైఫస్, టైఫాయిడ్ ఒకటే అనుకునేవారు శిక్షణ పొందినవారిలో కూడా ఉన్నారు. టైఫాయిడ్ కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే సాల్మొనెల్లా జాతి జబ్బు. టైఫస్ రికెట్సియా జబ్బు. రికెట్సియాలు కణాల లోపల బతికేవి కాబట్టి పెన్సిలిన్ వాటి మీద పనిచేయదు, డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. పేరు పొరబడితే మందు కూడా పొరబడుతుంది.

మొలక

లైమ్ వ్యాధి మోసే పిడుదు కీటకం కాదు. దానికి ఎనిమిది కాళ్ళు, సాలీడు కుటుంబానిది. స్క్రబ్ టైఫస్‌ను మోసే చిన్న పురుగు పిల్లలదీ అదే వర్గం. పటానికి "కీటకాలు" అని పేరు పెడితే వీటిని పక్క గడిలో వేయండి.

దారి మాత్రం ఇక్కడ అసలైన కాటే. లైమ్ బాక్టీరియా పిడుదు కడుపులో ఒక ప్రోటీన్ సాయంతో అంటుకుని ఉంటుంది. పిడుదు రక్తం తాగడం మొదలుపెట్టాక ఆ ప్రోటీన్‌ను తగ్గించి వేరొకదాన్ని తొడుక్కుని, లాలాజల గ్రంథులకు ప్రయాణిస్తుంది. దీనికి సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది. అందుకే పిడుదును కనిపించిన వెంటనే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయడం నిజంగా కాపాడుతుంది. కాల్చడం, నూనె పోయడం వద్దు.

నడకదారి

పటం మొత్తం తిరగరాశాను. ఇప్పుడు బాణాల మీద "కాటు" ఒక్కటే లేదు: "మలం, గోకడం", "చిదమడం", "వాంతి", "కాళ్ళూ కక్కూ", "లాలాజలం" అని వేరువేరుగా ఉన్నాయి. ప్లేగు గడి కింద "ఎలుకలను చంపండి" అని రాయబోతూ ఆగాను. ఇదైనా సరైనదేనా?

కీటకలోకం

ఆగి మంచి పని చేశారు. ప్లేగు నడుస్తున్నచోట ముందు ఎలుకలను చంపితే, చల్లబడిన వాటి ఒంటి మీది ఫ్లీలన్నీ ఆకలితో కొత్త ఒంటిని వెతుక్కుంటాయి. దగ్గరలో ఉన్నది మనిషే. ముందుగా కన్నాల్లో, ఎలుకలు నడిచే దారుల్లో ఫ్లీలను చంపే మందు చల్లాలి, ఆ తరువాతే ఎలుకల సంగతి. చచ్చిపడి ఉన్న ఎలుకను వట్టి చేతులతో ముట్టుకోకూడదని కూడా అక్కడే రాయండి.

పాతపుటలు

టైఫస్ బాణాన్ని ఇంకొక్కసారి చూడండి. టైఫస్ నుంచి కోలుకున్న మనిషి ఒంట్లో ఆ బాక్టీరియా ఏళ్ళ తరబడి నిద్రాణంగా ఉండి, ముసలితనంలోనో ఒంట్లో శక్తి తగ్గినప్పుడో తేలికపాటి జ్వరంగా మళ్ళీ లేవగలదు. బ్రిల్-జిన్సర్ వ్యాధి అంటారు. ఆ సమయంలో అతని ఒంటి మీద చీరపేలు ఉంటే అవి ఆ రక్తం తాగి టైఫస్‌ను కొత్తగా మొదలుపెట్టగలవు. పేను తన పిల్లలకు ఈ బాక్టీరియాను ఇవ్వదు, పైగా దానితోనే చస్తుంది. కాబట్టి ఒక మహమ్మారికీ మరొక మహమ్మారికీ మధ్య దాన్ని ప్రధానంగా దాచి ఉంచేది మనిషే.

నడకదారి

అయితే ఆ గడిలో బాణానికి రెండు మొనలు పెడుతున్నాను. పేను నుంచి మనిషి వైపు "మలం, గోకడం", మనిషి నుంచి పేను వైపు "ఏళ్ళ తరువాత కూడా".